కొవ్వు మీద పరిశోధన: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

తార్నాక, హబ్సిగూడల మధ్య పాతికేళ్ళ ల్యాబ్ జీవితం గడిచింది నాది. ఎండాకాలం ప్రాజెక్టుకొచ్చే ఎమ్మెస్సీ పిల్లలు, వాళ్ళని దింపడానికొచ్చే నాన్నలు, పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాళ్ళు అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. ఒకే జవాబు వాట్సాప్‌లో టైపు చేసీ చేసీ విసుగొచ్చి ఇక్కడ రాసిపెట్టాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

## ఇంకా కాలేజీలో ఉన్నవాళ్ళకి

లిపిడ్ మెటబాలిజం అంటే కొలెస్ట్రాల్ గురించేనా సార్?

కొలెస్ట్రాల్ అందులో ఒక ముక్క మాత్రమే. నీళ్ళలో కరగకుండా క్లోరోఫాం లాంటి వాటిలో కరిగే జీవపదార్థాలన్నీ లిపిడ్లే. నడుం చుట్టూ పేరుకునే ట్రైగ్లిజరైడ్లు, ప్రతి కణానికీ పొరగా నిలిచే ఫాస్ఫోలిపిడ్లు, మెదడులో దండిగా ఉండే స్ఫింగోలిపిడ్లు అన్నీ ఇందులోకే వస్తాయి. మీరు పప్పులో వేసుకున్న నెయ్యి పేగులో విరుగుతుంది, పేగు గోడ కణాల్లోకి చేరాక మళ్ళీ అతుక్కుంటుంది, ప్రొటీన్ తొడుగు వేసుకుని రక్తంలోకి దిగుతుంది. భారీ భోజనం అయిన రెండు మూడు గంటలకు రక్తం తీసి తిప్పితే ప్లాస్మా పల్చటి పాలలా తెల్లగా కనిపిస్తుంది. ఆ తెలుపంతా నూనె బొట్లే. అవి ఎక్కడ దిగుతాయి, ఎవరు దించుతారు, దిగకపోతే ఏమవుతుంది అన్నదే మా పని.

అందరూ జీన్లు, వాటిని కత్తిరించి మార్చే క్రిస్పర్ అంటున్నారు. ఈ పాత సబ్జెక్టు ఎందుకు?

డీఎన్ఏ చుక్కంత దొరికినా పీసీఆర్ మెషీన్‌లో పెడితే రెండు గంటల్లో కోట్ల కాపీలు వస్తాయి. కొవ్వుతో ఆ పప్పులుడకవు. దాన్ని తయారుచేసే ఎంజైములకు జీన్లున్నాయి గానీ కొవ్వు అణువుకు నేరుగా జీన్ లేదు, కాపీ తీసే దారీ లేదు. నమూనాలో ఉన్నదెంతో అంతే. అందులో కొంత సీసా గోడకు అంటుకుంటుంది, కొంత గాలి తగిలి పాడవుతుంది, మిగిలిందే మీకు దక్కేది. అందుకే ఇందులో ఇప్పటికీ చేతి నేర్పు ముఖ్యం. అందుకే చాలామంది ఇటు రారు, వచ్చి చేయి తిరిగినవాళ్ళను మాత్రం ఎవరూ వదులుకోరు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు నేను చెబుతున్నది ఈ ఒక్క మాటే.

పాత సబ్జెక్టన్నది నిజమే, ఆ పాతదనంలో మనవాళ్ళ వాటా కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని నీలిరంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫోలిపిడ్‌లో భాస్వరం ఉంటుంది కాబట్టి నమూనాను ఆమ్లంలో మరిగించి ఆ నీలిరంగు చూస్తే లిపిడ్ ఎంతుందో లెక్క తేలుతుంది. చిన్న మార్పులతో మా ల్యాబ్‌లో ఇప్పటికీ అదే చేస్తాం. నూరేళ్ళు దాటినా ఆ నీలం వెలిసిపోలేదు.

ఇంటర్‌లో ఎంపీసీ చదివాను, రావచ్చా?

రావచ్చు. కెమిస్ట్రీ గట్టిగా ఉన్నవాళ్ళు ఈ పనిలో త్వరగా కుదురుకుంటారు. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్క రక్తం చుక్క నుంచి వందల లిపిడ్ల సమాచారాన్ని కుమ్మరిస్తుంది, దాన్ని జల్లెడ పట్టడానికి లెక్కలొచ్చినవాళ్ళే కావాలి. బయాలజీ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

డిగ్రీ దాకా తెలుగు మీడియం. నెగ్గుకు రాగలనా?

మొదటి ఆరు నెలలు సెమినార్లలో నోరు పెగలదు. ఆ తర్వాత ఇబ్బంది ఉండదు. నా దగ్గర అందరికంటే బాగా టీఎల్‌సీ ప్లేట్ (లిపిడ్లను రకాలవారీగా విడదీసే పూత పలక) వేసిన అమ్మాయి పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఆమె ఇంగ్లీషు థీసిస్ రాసేనాటికి దానంతటదే కుదిరింది.

హైదరాబాద్‌లో ఈ పని అసలు ఎక్కడ జరుగుతుంది?

ఈ నగరానికున్న అదృష్టం ఏమిటంటే సగం సంస్థలు ఒకే ఆటో దూరంలో ఉంటాయి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అందరూ ఎన్ఐఎన్ అంటారు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద చిన్న విభాగంగా మొదలై 1958లో ఇక్కడికొచ్చింది. తిండి నూనెలు, ఊబకాయం, ట్రాన్స్ కొవ్వుల పని అంటే మొదట గుర్తొచ్చేది అదే. డబ్ల్యూఎన్ఐఎన్ ఆబీస్ అనే లావు ఎలుకల జాతి అక్కడిదే. వాటిని ఎవరూ మేపి లావు చేయలేదు. అక్కడి ఎలుకల కాలనీలో సహజంగా వచ్చిన జన్యుమార్పు వల్ల అలా పుట్టాయి.

ఆ పక్కనే ఐఐసీటీ. అది రసాయనాల సంస్థ, నూనెలు, లిపిడ్ల సాంకేతికతలో వాళ్ళది పాత చేయి. హబ్సిగూడలో కణాలు, అణువుల జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ 1977లో మొదలైంది. కణం పొరలోని కొలెస్ట్రాల్, ఆ పొరలో కూర్చుని బయటి సంకేతాలు అందుకునే రిసెప్టర్ ప్రొటీన్ల పనితీరును ఎలా మారుస్తుందో అమితాభ చటోపాధ్యాయ బృందం అక్కడ ఏళ్ళ తరబడి తవ్వింది. ఉప్పల్ వైపు వెళ్తే డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ. వారసత్వ జబ్బుల జన్యు నిర్ధారణ వాళ్ళ పనుల్లో ఒకటి. గచ్చిబౌలిలో 1974 నాటి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఉస్మానియా సంగతి చెప్పనక్కర్లేదు, ఎన్ఐఎన్‌కు అది పక్కిల్లే.

నా సలహా ఒక్కటే. వెబ్‌సైట్లో సంస్థ పేరు చూసి ఆగిపోవద్దు, గత రెండేళ్ళలో ఆ ల్యాబ్ వాళ్ళు ఏం ప్రచురించారో చూడండి. పేజీలో "లిపిడ్స్" అని రాసుకుని పదేళ్ళుగా క్లోరోఫాం సీసా మూత తీయనివాళ్ళూ ఉంటారు.

## చేరే దశలో

నెట్ రాయాల్సిందేనా? డబ్బులు ఎంతొస్తాయి?

రాస్తే మంచిది. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ మామూలుగా ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్‌ఎఫ్ అంటే సీనియర్‌గా 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి అమల్లోకొచ్చిన రేట్లివి. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) ఫెలోషిప్‌లూ ఉన్నాయి. నెట్ లేకపోయినా ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్‌గా చేరొచ్చు గానీ ప్రాజెక్టు అయిపోతే జీతం ఆగిపోతుంది. ఫెలోషిప్ ఒక్కోసారి మూడు నాలుగు నెలలు ఆలస్యంగా పడుతుంది. చేరేముందు ఇంట్లోవాళ్ళకు ఈ ముక్క చెప్పి ఉంచండి, లేకపోతే "ఉద్యోగమన్నావు, జీతమేదిరా" అన్న ప్రశ్న తప్పదు.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి?

పేపర్లు చదవండి, ఆపై ఒక మధ్యాహ్నం వెళ్ళి ఆ ల్యాబ్ పిల్లలతో క్యాంటీన్‌లో చాయ్ తాగండి. గైడ్ లేనప్పుడు మాట్లాడండి. మూడు సంగతులు కనుక్కోండి: చివరగా థీసిస్ ఇచ్చినవాళ్ళకు ఎన్నేళ్ళు పట్టింది, పేపర్‌లో మొదటి పేరు ఎవరిదని ఎప్పుడు తేలుతుంది, సెలవు అడిగితే ఏమంటారు. మూడో దానికి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే మీకు జవాబు దొరికినట్టే.

ల్యాబ్‌లోకి వెళ్తే రసాయనాల ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ అరను చూడండి. దాంట్లో అట్టపెట్టెలు పేర్చి ఉంటే అక్కడ లిపిడ్ పని జరగడం లేదని అర్థం. జరుగుతుంటే ఇంకా ప్రమాదం, ఆ క్లోరోఫాం ఆవిరంతా అక్కడి పిల్లలే పీలుస్తున్నారన్నమాట.

అమ్మాయికి ఐదేళ్ళు పడుతుందంటున్నారు, పెళ్ళి సంగతేంటండీ?

ఈ ప్రశ్న అమ్మాయి అడగదు, వాళ్ళ నాన్న అడుగుతారు. అబ్బాయిల తండ్రులు ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పీహెచ్‌డీ మధ్యలో పెళ్ళయి, పిల్లలు పుట్టి, శుభ్రంగా పూర్తి చేసినవాళ్ళు నా దగ్గరే ముగ్గురున్నారు. గర్భం వస్తే మాత్రం క్లోరోఫాం, మిథనాల్ పని ఆపి ఆ భాగం వేరేవాళ్ళకు అప్పగించాలి. ఈ మాట గైడ్‌తో మొహమాటం లేకుండా చెప్పాలి.

## ల్యాబ్‌లో చేరాక

మొదటి ఏడాది నేనేం చేస్తాను?

ఎక్కువగా లిపిడ్ తీయడం. 1959లో బ్లై, డయర్ అనే ఇద్దరు కెనడాలో కాడ్ చేప కండ మీద చేసిన పద్ధతే ఇప్పటికీ మాకు దిక్కు. నమూనాలోని నీటిని లెక్కలో వేసుకుని క్లోరోఫాం ఒక వంతు, మిథనాల్ రెండు వంతులు, నీళ్ళు 0.8 వంతు కలిపితే అంతా ఒకటే ద్రవంగా ఉంటుంది. ఇంకో వంతు క్లోరోఫాం, ఇంకో వంతు నీళ్ళు పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే రెండుగా విడిపోతుంది. పైన మిథనాల్, నీళ్ళు. అడుగున క్లోరోఫాం, మీ లిపిడ్ అందులో ఉంటుంది. మధ్యలో పాల మీద మీగడలా తెల్లటి ప్రొటీన్ బిళ్ళ.

ఆ బిళ్ళను కదపకుండా అడుగు పొర తీయడంలోనే ఉంది పనంతా. గాజు పిపెట్ రబ్బరు బుడ్డిని మెల్లగా నొక్కుతూ, చిన్న చిన్న బుడగలు వదులుతూ బిళ్ళను దాటి కిందికి దించాలి. బుడగలు వదలకపోతే పై పొర పిపెట్‌లోకి ఎక్కేస్తుంది. అడుగు తాకాక బుడ్డి వదిలి నిదానంగా లాగాలి. అత్యాశకు పోయి చివరి చుక్క దాకా లాగితే ప్రొటీన్ కూడా వస్తుంది. కాస్త వదిలేసి, మళ్ళీ క్లోరోఫాం పోసి, రెండోసారి తీయాలి. ఆ తర్వాత నైట్రోజన్ ఊదుతూ ఆరబెట్టాలి. మామూలు గాలి ఊదితే అసంతృప్త కొవ్వులు చెడిపోయి నమూనా పాత ఎండుకొబ్బరి కంపు కొడుతుంది. ఇదంతా చేయికి అలవాటు కావడానికి మూడు నెలలు పడుతుంది. యూట్యూబ్ చూసి వచ్చినవాళ్ళకి నాలుగు.

ప్లాస్టిక్ ట్యూబ్ వాడితే ఎందుకు తిడతారు?

క్లోరోఫాం కొన్ని ప్లాస్టిక్‌లను కరిగిస్తుంది, మిగతావాటిలోంచి మెత్తదనానికి కలిపిన పదార్థాలను లాగుతుంది. అవి మాస్ స్పెక్‌లో పెద్ద పీక్‌లుగా నిలబడి కొత్తవాళ్ళకు "కొత్త లిపిడ్" కనుక్కున్నామన్న ఆనందాన్నిస్తాయి. గాజు ట్యూబ్, టెఫ్లాన్ పొర ఉన్న మూత వాడాలి. ట్యూబ్ మీద మార్కర్‌తో రాసిన పేరు కూడా ఒక్క చుక్క ఒలికితే చెరిగిపోతుంది, పెన్సిల్‌తో రాయండి.

ఎండాకాలంలో పని కష్టమా?

టీఎల్‌సీకి వాడే డైఈథైల్ ఈథర్ దాదాపు 35 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో మన గది వేడి దానికన్నా ఎక్కువ. ఏసీ పోయిన రోజు మూత తీస్తే సీసా బుస్సుమంటుంది. ఆ రోజు తీయకపోవడమే మంచిది.

ఎలుకలను చంపాలా? నాకు భయం.

కాలేయం, కొవ్వు కణజాలం కావాలంటే తప్పదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, శిక్షణ లేకుండా ఎవరినీ ఆ గదిలోకి రానివ్వరు, ఎన్ని ఎలుకలు ఎందుకో ముందే రాసివ్వాలి. ఇష్టం లేకపోతే కణాలతోనో ఈస్ట్‌తోనో నడిచే ల్యాబ్ ఎంచుకోండి. ఈస్ట్‌లోనూ కొవ్వు బొట్లుంటాయి, వాటితోనే జీవితమంతా గడిపినవాళ్ళున్నారు.

ఎలుకలతో పనిచేస్తే మాత్రం వాటి ప్రాణం వృథా చేయకండి. నా మొదటి బ్యాచ్ కాలేయాలను పల్చగా కోయడం కోసం పారఫిన్ మైనంలో పెట్టడానికి పంపాను. ఆ ప్రక్రియలో వాడే ఆల్కహాల్, జైలీన్ కొవ్వునంతా కడిగేస్తాయి. ఎర్రగా బొట్లు కనిపిస్తాయని కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే జల్లెడలా ఖాళీ చిల్లులు. గడ్డకట్టించి కోయాలన్న సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పన్నెండు వారాలు కొవ్వు మేత పెట్టిన ఎలుకలవి.

ఏ జబ్బుల మీద పనిచేయొచ్చు?

మనకు కొరత లేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో నూటికి 81 మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉంది. పాశ్చాత్యుల్లో చెడ్డ కొలెస్ట్రాల్ గురించి మాట్లాడినంతగా మన దగ్గర ట్రైగ్లిజరైడ్లు పెరగడం, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం గురించి మాట్లాడాలి. ఫ్యాటీ లివర్ ఇప్పుడు మద్యం ముట్టనివాళ్ళలోనూ మామూలైంది.

ఇక పుట్టుకతో వచ్చేవి. ఎల్‌డీఎల్‌ను (చెడ్డ కొలెస్ట్రాల్‌ను) కణంలోకి లాక్కునే రిసెప్టర్ పాడైతే కొలెస్ట్రాల్ కణాల్లోకి దిగక రక్తంలోనే తిరుగుతుంది. ఈ సంగతి తేల్చి బ్రౌన్, గోల్డ్‌స్టీన్ 1985 నోబెల్ అందుకున్నారు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి లోపం వచ్చినవాళ్ళు సుమారు 250 మందికి ఒకరుంటారు, వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. పిక్కను మడమకు కలిపే స్నాయువు మీద గట్టి బుడిపెలు దాని ఆనవాళ్ళలో ఒకటి. గోషే జబ్బు వేరే రకం, ఒక ఎంజైమ్ లేక స్ఫింగోలిపిడ్ ప్లీహంలో పేరుకుని పిల్లల పొట్ట ఉబ్బుతుంది. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ లోపం మోస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. మేనరికాలున్న మన కుటుంబాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఎంజైమ్ ఎక్కించే వైద్యం ఉంది గానీ మామూలు కుటుంబం మోయగల ఖర్చు కాదు. ఇంటికి దగ్గరున్న సమస్య కావాలనుకుంటే ఇటు చూడండి.

ఐదేళ్ళలో అయిపోతుందా?

ఐదున్నర, ఆరు అనుకోండి. నాకు ఇంకో ఏడాది ఎక్కువ పట్టింది. నేను అప్పుడున్న చోట ఒక మే నెల శనివారం కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, మైనస్ 80 ఫ్రీజర్ అలారం ఎవరికీ వినపడలేదు. సోమవారం తలుపు తీస్తే నీళ్ళు కారుతున్నాయి. ఏడు నెలల ప్లాస్మా పోయింది. ఎవరూ బాధ్యత తీసుకోలేదు, "మళ్ళీ చేసుకో" అన్నారు. అప్పటి నుంచి ప్రతి నమూనాను రెండు భాగాలు చేసి రెండు భవనాల్లో పెడతాను. మా పిల్లలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

## పీహెచ్‌డీ తర్వాత

అమెరికా వెళ్ళక తప్పదా?

తప్పదని రూలేమీ లేదు గానీ ఫ్యాకల్టీ ఇంటర్వ్యూల్లో బయట చేసిన పోస్ట్‌డాక్‌కు (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు) మార్కులు పడతాయి. తిరిగి రావడానికి దారులున్నాయి. వాటిలో ఒకటైన రామలింగస్వామి ఫెలోషిప్ పేరు శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామిది. వెల్‌కమ్ ట్రస్ట్, డీబీటీ కలిసి పెట్టిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఏడో వేతన సంఘం ప్రకారం మూలవేతనం 57,700తో మొదలవుతుంది. అప్పటికి మీ వయసు ముప్పై నాలుగో ముప్పై ఆరో. మీ ఇంజినీరింగ్ స్నేహితుడు రెండో ఫ్లాట్ కొంటుంటాడు. ఇది ముందే తెలిసి రావాలి.

ఫార్మా కంపెనీలు తీసుకుంటాయా?

తీసుకుంటాయి, ఎక్కువగా విశ్లేషణ విభాగాల్లో. గాజు పిపెట్ పట్టిన చేయికి అక్కడ విలువ ఉంది. కొత్త మందు కనిపెట్టే ఉద్యోగాలు తక్కువ. దానికి ఈ ఊళ్ళోనే ఒక కథ ఉంది. డాక్టర్ రెడ్డీస్ 1997లో బాలగ్లిటజోన్ అనే మధుమేహం అణువును డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్ ఇచ్చింది. మరుసటి ఏడాది ఇచ్చిన రాగగ్లిటజార్‌ది ఇంకా పెద్ద ఆశ, అది చక్కెరను, కొవ్వును రెంటినీ దించాలి. ఎలుకల్లో మూత్రాశయ కణితులు కనిపించడంతో 2002లో దాన్ని ఆపేశారు. అప్పట్లో అమీర్‌పేట చాయ్ దుకాణాల్లో కూడా ఈ కబుర్లే. ఈ రంగంలో ఒక అణువు మీద పదేళ్ళు పెట్టి ఖాళీ చేతులతో బయటికి రావడం మామూలు సంగతి.

## పెళ్ళి భోజనాల్లో అడిగేవి

మీరు డాక్టరే కదా, మా నాన్న రిపోర్టు కాస్త చూడండి.

నేను ఆ డాక్టర్ని కాదు. మందు మార్చమనో ఆపమనో చెప్పను. ఒక్క విషయం మాత్రం చెబుతాను: చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ కొలిచింది కాదు, లెక్కగట్టింది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్‌లో ఐదో వంతు తీసేస్తారు. 1972 నాటి ఫ్రీడెవాల్డ్ సూత్రం అది. మొత్తం 220, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 250 అయితే 220లోంచి 38, 50 పోగా 132. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు నేరుగా కొలిచే పరీక్ష ఉందేమో డాక్టర్‌ని అడగండి. ముందురోజు రాత్రి బిర్యానీ తిని పొద్దున్నే వెళ్ళి రక్తమిచ్చి, అంకె చూసి కంగారు పడకండి.

స్టాటిన్ మాత్రలు కంపెనీల కుట్రట కదా?

కొలెస్ట్రాల్ దించే ఈ మందుల్లో మొదటిదాన్ని జపాన్‌లో అకిరా ఎండో 1970ల మొదట్లో బూజులోంచి తీశారు, వేల బూజులను వెతికి. గుండెపోటు వచ్చినవాళ్ళలో రెండోసారి రాకుండా అవి కాపాడతాయని పెద్ద పెద్ద ప్రయోగాల్లో తేలింది. కండరాల నొప్పి కొందరికి వస్తుంది, వస్తే డాక్టర్‌కి చెప్పాలి. ఫార్వర్డ్ మెసేజ్ చదివి మానేయడం మాత్రం వద్దు.

ఇంతకీ నెయ్యి తినొచ్చా?

ఎంత అన్నదే అసలు ప్రశ్న. అన్నంలో ఒక చెంచాతో ఎవరికీ ఏమీ కాదు, అరిసెల పళ్ళెం ముందు కూర్చుంటే చెంచాలు లెక్కకు రావు. నెయ్యి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది వనస్పతి. ద్రవనూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వులు చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయి. వాటి మీద ఎన్ఐఎన్‌లో గఫూరున్నీసా చాలా ఏళ్ళు పనిచేశారు. నూనెల్లో ట్రాన్స్ కొవ్వు పరిమితి 2021లో 3 శాతానికి, 2022లో 2 శాతానికి దిగింది. కానీ బజ్జీల బండి మీద పొద్దుట్నుంచి కాగుతున్న నూనెకు ఆ కాగితం అందదు. నల్లబడి, జిడ్డుగా సాగుతూ, నురగ కడుతుంటే ఆ బండి దాటి వెళ్ళిపోండి. మిర్చి ఎంత బాగున్నా సరే. నేనైతే హబ్సిగూడ చౌరస్తా బండి దగ్గర కొత్త నూనె పోసే వేళ కనుక్కుని మరీ వెళ్తాను, సాయంత్రం నాలుగున్నర.